వెనక గది తాళంచెవి

మారేడ్‌పల్లి, సికింద్రాబాదు
నవంబరు 1948

బీబమ్మకు ఎలీసబెతు వందనాలు.

ఆగస్టులో మీరు కర్నూలు రైలెక్కారు. చేరాను అని ఒక్క ముక్క రాయలేదు. అక్షరాలు నేర్పినదాన్ని నేనే కాబట్టి రాయడం రాదని బొంకడానికి మీకు వీల్లేదు. ఆ వయసులో నా ఒకటో తరగతి పిల్లల మధ్య చాప మీద కూర్చుని, 'ఋ' దగ్గర మొండికేసి పలక విసిరేసిన మనిషి మీరు. ఆ కోపంలో సగం పెట్టినా ఒక కార్డు నిండుతుంది.

ఇక్కడి సంగతులు. సైన్యం వచ్చింది, జెండా మారింది. మన బడి గోడ మీద పాత జెండా గీసిన పిల్లే దానికి సున్నం కొట్టి కొత్త జెండా గీసింది. రెండూ వంకరే. బడి మళ్లీ తెరిచాను. హాజరు పిలుస్తుంటే కొన్ని పేర్ల దగ్గర ఎవరూ పలకడం లేదు. కొందరు రజాకార్లకు భయపడి ముందే వెళ్లిపోయినవాళ్లు, కొందరు రజాకార్లు పోయాక మిగతావాళ్లకు భయపడి వెళ్లినవాళ్లు. ఎవరి పేరూ కొట్టెయ్యలేదు. పిలుస్తాను, కాస్త ఆగుతాను, తరువాతి పేరుకు పోతాను.

మీ బియ్యం కుండ నడుస్తూనే ఉంది. మా చర్చి సంఘపు ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పనికని ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం చూసి, "దేవుడు బువ్వ తినడు టీచరమ్మా, పోరగాల్లు తింటరు" అని ఆ పిడికిళ్లను బడి వైపు తిప్పింది మీరు. ఇప్పటికీ గల్లీలో అన్ని మతాల బియ్యమూ ఆ కుండలో కలిసే ఉడుకుతోంది. కాకపోతే మధ్యాహ్నం గంజి కాచేది మా కోడలు డోరా. డోరా భక్తిపరురాలు. పొయ్యి ముందు కూడా కళ్లు మూసుకునే ఉంటుంది. అందువల్ల గంజి రోజూ మాడుతోంది. కాంతమణి గిన్నె వాసన చూసి "నానీ ఎప్పుడొస్తది?" అని మీ కోసం అడుగుతోంది. నల్గొండ వైపు ఊరి నుంచి తండ్రిని పోగొట్టుకుని మేనత్త ఇంటికి వచ్చిన పిల్ల, మీకు గుర్తుండే ఉంటుంది. మీ చేతి గంజి తప్ప ఎవరిదీ తాగనని కూర్చునేది.

మీ వెనక గదికి వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి మీ కొంగున పోయింది కాబట్టి నేను తెరవలేదు. కిటికీలోంచి చూశాను. మీ నులకమంచం మీద పిల్లి పడుకుంది. అద్దె అడగలేదు.

ఎప్పుడు వస్తున్నారో రాయండి.

ఎలీసబెతు


కర్నూలు
జనవరి 1949

టీచరమ్మకు జైతున్ సలాం.

మీ ఉత్తరం చదువుకుంట నవ్విన. ఎన్క ఏడ్చిన. మా బిడ్డ మాబూబీ పరేషాన్ అయి "ఏందమ్మా, ఎవరు పోయిన్రు?" అని వంటింట్లకెల్లి ఉరికొచ్చింది. ఎవ్వరు పోలేదు బిడ్డా, టీచరమ్మ తిట్టింది అన్న. గదేనా అని మల్ల పొయ్యికాడికి పోయింది.

రాయలేదని కోపం జెయ్యకున్రి. రాయనీకి కూసుంటె మంచి మాట ఒక్కటి దొర్కలే. నా కొడుకు అబ్బాస్ బొంబాయి పోయి ఓడెక్కిండు. కరాచిల ఉన్నడంట. "నువ్వు సుత రా అమ్మా" అని రాసిండు. ఆడ నాకు ఎరికైన గోడ ఒక్కటి లేదు బిడ్డా, నేను రాను అని చెప్పిన. బీదరు దిక్కు మా తమ్ముడు నన్నే సాహెబ్ ఇంట్ల ఎవ్వరు మిగల్లేదంట. గింతే రాస్త. ఇంతకంటె రాయనీకి నా చెయ్యి రాదు.

కాంతమణి నాయినను మా దిక్కోల్లు సంపిన్రు. మా తమ్మున్ని ఆ దిక్కోల్లు సంపిన్రు. నేను పోస్తె గా పిల్ల తాగింది. మల్ల నేనే వచ్చి పోస్తనని చెప్పున్రి. డోరాకు చెప్పున్రి, గంజి కాడ కండ్లు తెరిచి దువా చేస్తె సుత అల్లా ఇంటడు.

ఈడ నాకేం తక్లీఫ్ లేదు. అల్లునికి గాజుల దుకాణం ఉన్నది. మనవరాలు హనీఫా నా పక్కకెల్లి కదల్దు. దానికి పలక మీద అక్షరాలు దిద్దిస్తున్న. మీరు నాకు ఎట్ల చెప్పిన్రో గట్లనే చెప్తున్న, మొట్టికాయ సుత గట్లనే. 'ఋ' కాడికి వచ్చి పలక ఇసిరేసింది. మా ఖాందాన్ రోగం.

ఎండలు తగ్గినంక వస్త. గా వెనక అర్రల పండుకుంటె పొద్దుగాల పిల్లల ఎక్కాలు ఇనొస్తయి చూడున్రి, రెండొకట్ల రెండని, గవి ఇనుకుంట పానం పోవాలె నాది. ఇంకేం అడుగుత లేను. పిల్లిని జెర ఎల్లగొట్టున్రి.

జైతున్ బీ


మారేడ్‌పల్లి
మార్చి 1949

బీబమ్మకు,

నన్నే సాహెబ్ గురించి ఏం రాయాలో తెలియలేదు. పక్కనుంటే మీ దగ్గర కూర్చుని మాట్లాడకుండా ఉండేదాన్ని. ఉత్తరంలో మాట్లాడకుండా కూర్చోవడం ఎట్లాగో నాకు చేతకాదు.

ఇప్పుడు రాయబోయేది కూడా నాకు చేతనైన పని కాదు.

ముందు మంచి వార్త. కొత్త ప్రభుత్వపు విద్యాశాఖవారు మన బడిని తీసుకుంటామన్నారు. ఆడపిల్లలకు తెలుగులో చదువు, ఫీజు కట్టక్కరలేని చదువు. పంతులమ్మలకు నెలనెలా జీతం. ఇన్నేళ్లూ మీరూ నేనూ ఇంటింటికీ తిరిగి, కొందరి చేత టీ, కొందరి చేత చీవాట్లు తాగి నడిపింది ఇందుకే. ఒక్కటే షరతు. ఇల్లు ఖాయంగా బడిదై ఉండాలి.

రెండో వార్త మన గేటుకు అంటించి ఉంది. దేశం విడిచిపోయినవాళ్ల ఆస్తులు చూసే కస్టోడియన్ ఆఫీసు కాగితం. పక్కనే కలప అడితి పెట్టిన కాంట్రాక్టరుకు ఈ స్థలం మీద కన్ను. ఈ ఇల్లు జైతున్ బీది, కొడుకు కరాచీ పోయాడు, తల్లీ ఊళ్లో లేదు అని ఆయనే వెళ్లి చెప్పి వచ్చాడు. ఇల్లు మీదే అయితే, మీరు కర్నూలులోనే ఉన్నారన్నా, కొడుకు వెంట పోరని తేలేదాకా సీలు వేస్తారు. తేలడమంటే ఏళ్లు. బడిదే అయితే వాళ్లకు పని లేదు. కాబట్టి మీరు ఈ ఇల్లు నిజంగా ఇచ్చారా లేదా అన్నదే ఇప్పుడు విచారణ.

ఇచ్చిన రోజు మీకు గుర్తుందా? మీవారు పీర్ మహమ్మద్ గారు పెళ్లినాటి మెహరు కింద మీకిచ్చిన ఇల్లు. ఆయన పోయిన ఏడాది తిరిగేసరికి మీరు బడికి ఇచ్చేస్తానన్నారు. రిజిస్ట్రీ చేద్దామంటే, "ఇచ్చినదానికి కాయితమెందుకు, నేను అబద్ధమాడ్తనా?" అని నా మీదికి లేచారు. ఖాజీ గారిని పిలిపించాం. హిబాకు, అంటే ఇలాంటి దానానికి, నోటిమాట చాలు, కాని ఇచ్చినవాళ్లు ఇల్లు ఖాళీ చేసి గడప దాటాలి, పుచ్చుకున్నవాళ్లు తాళంచెవి అందుకుని లోపలికి పోవాలి, అప్పుడే అది పూర్తయినట్టు అన్నారాయన. మీరు ట్రంకుపెట్టె, తమలపాకుల డబ్బా, ఒక కోడితో సహా బయటికి వచ్చి వీధిలో నిలబడ్డారు. నేను తాళంచెవులు పుచ్చుకుని లోపలికి పోయాను. పోయినదాన్ని పోయినట్టు ఉండొచ్చు కదా. కిటికీలోంచి చూస్తే ఎండలో నిలబడి ఉన్నారు. "అదేమిటి బీబమ్మా, పరాయిదానిలాగా, లోపలికి రండి, చాయ్ పెడుతున్నాను" అన్నాను. చాయ్ తాగుతూ వెనక గది తాళంచెవి తిరిగి మీ చేతిలోనే పెట్టాను. మర్యాదలు నేర్పిన మిషనరీ దొరసానిని ఇవాళ తలుచుకుని తలుచుకుని మెచ్చుకుంటున్నాను.

కస్టోడియన్ గారు మద్రాసు వైపు నుంచి వచ్చిన పడుచువాడు. మర్యాదస్తుడే.

"ఇచ్చినావిడ గడప దాటిందా అమ్మా?"

"దాటింది."

"ఎంతసేపు బయట ఉంది?"

"పాలు కాగేంతసేపు."

కలం కింద పెట్టేశాడు. "ఇచ్చి, మళ్లీ వచ్చి, పదేళ్లపాటు అందులోనే ఉంటే ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" అన్నాడు. 

దారి ఒకటే ఉందన్నాడు. ఆ చాయ్ తరువాత మీరు ఆ గదిలో ఉన్నది యజమానిగా కాదనీ, బడివాళ్లు ఉండమంటే అతిథిగా ఉన్నారనీ, ఇంటి మీద మీకు గాని మీ కొడుక్కి గాని ఏ హక్కూ లేదనీ, కర్నూలులో మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి రాసివ్వాలి.

బీబమ్మా, నేను అడుగుతున్నాను. అడగకూడదని తెలిసే అడుగుతున్నాను. ఇది రాసిస్తే నాది అని చెప్పుకోవడానికి ఈ ఊళ్లో మీకు ఒక గడప ఉండదు. రాయకపోతే బడి వీధిలో పడుతుంది. నా మొహం చూసి రాయవద్దు. రాయలేనంటే ఆ మాటే రాయండి. నేను మళ్లీ అడగను.

ఎలీసబెతు


కర్నూలు
ఏప్రిల్ 1949

టీచరమ్మకు సలాం.

రాసిచ్చిన. అల్లుడు కచేరికి తోల్కపోయిండు. ఆడున్న గుమస్తా నా కాయితం రెండుమాట్ల చదివి, "ఈడికి అందరు నాది నాది అని కొట్లాడనీకె వస్తరు. నాది కాదని చెప్పనీకె వచ్చిన మనిషిని నిన్నే చూస్తి అవ్వా" అన్నడు. నవ్విండు. నాకు సుత నవ్వొచ్చింది. దస్కత్ చెయ్యమంటె వేలిముద్ర డబ్బా ముందటికి జరిపిండు. డబ్బా ఎన్కకు నూకి తెలుగుల రాసిన, జైతున్ బీ అని. ఒక్క తప్పు పోలేదు.

మీ మొహం చూసి రాయలేదు, గుబులు వడకున్రి. గా ఇంట్ల నేను కోడలి లెక్క వచ్చినప్పుడు నా అత్త నన్ను కిటికీకాడ సుత నిలవడనియ్యలే. ఆడమనిషికి అక్షరమెందుకన్నది. గదే కిటికీకాడ ఇప్పుడు ఆడపిల్లలు నిలబడి పాటం అప్పజెప్తరు. గా ముచ్చట సూడనీకె ఇచ్చిన ఇల్లు. చాయ్‌కి వాపస్ వచ్చిన గని ఇల్లు వాపస్ తీస్కోలే నేను. గా కస్టోడియన్ పిలగానికి చెప్పున్రి.

తాళంచెవి పంపుతున్న. సంచి హనీఫా కుట్టింది. కుట్లు వంకర పోయినయి, మీరు చూసి ఏమనకున్రి. తాళంచెవి తీసినంక కొంగు తేలికైంది. మాటిమాటికి చెయ్యి ఆడికే పోతున్నది.

నేనిప్పుడు ఆ ఇంటికి మెహమాన్ని గద. మెహమాన్ లెక్కనే వస్త. ఇచ్చినోల్లు బయటికి రావాలె అన్నడు ఖాజీ సాబ్. మెహమాన్ లోపటికి పోవద్దని ఏ కాయిదల లేదు. ఈ రంజాన్ అయినంక వస్త. గదే మంచం, గదే కిటికీ. చాయ్ పెట్టి పిలువున్రి.

జైతున్ బీ


మారేడ్‌పల్లి
జూన్ 1949

బీబమ్మకు,

బడి నిలిచింది. ముందు ఆ మాట రాసేస్తున్నాను.

విచారణ మన బడిలోనే పెట్టారు, నా గదిలో. కాంట్రాక్టరు మెడలో కొత్త ఖద్దరు కండువాతో వచ్చాడు. మీ కాగితం చదివారు. తరువాత నన్ను బైబిలు మీద చెయ్యి పెట్టమన్నారు.

"జైతున్ బీకి ఈ ఇంట్లో ఏమైనా హక్కు ఉందా?"

"లేదు" అన్నాను. టైపు మిషను చప్పుడులో రాసుకునే ఆయనకు వినబడలేదట. మళ్లీ చెప్పమన్నారు. "ఆవిడకు ఈ ఇంట్లో ఏ హక్కూ లేదు." "ఇంకా గట్టిగా" అన్నాడు కాంట్రాక్టరు. పిల్లల్ని అదిలించి అదిలించి నాకు గొంతు బాగానే పెరిగింది, మీకు తెలుసు. ఆ గొంతుతోనే మూడోసారి అన్నాను. పక్క తరగతిలో ఎక్కాలు ఆగిపోయాయి.

వాళ్లు వెళ్లాక కాంతమణి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. "టీచరమ్మా, నానీ ఏం తప్పు జేసింది?" అని అడిగింది. ఏమీ చెయ్యలేదమ్మా అన్నాను. "మరి ఎందుకు ఒర్రిన్రు గట్ల?" అంది. 

తరువాతి వారం విద్యాశాఖ ఆయన వచ్చి బోర్డు పెట్టించాడు. ప్రభుత్వ బాలికల మాధ్యమిక పాఠశాల. పీర్ మహమ్మద్ గారి పేరున్న రాయి గోడలోనే ఉంది, బోర్డు సరిగ్గా దాని మీదికే వచ్చింది. మేకు అక్కడే దిగుతుందట. మీ పేరు ఎక్కడైనా రాయించండి అని అడిగాను. "ప్రభుత్వం ఉండగా ఇక దాతలెందుకమ్మా?" అన్నాడు. మీరిచ్చిన ఇంట్లో, రైల్వే గార్డు ఏసురత్నం గారిచ్చిన కుర్చీలో, కాళ్లు చాపుకుని కూర్చుని అన్నాడు. సర్కారు బడిలో పిల్లల దగ్గర ఏదీ వసూలు చెయ్యకూడదని బియ్యం కుండ కూడా తీయించాడు. ఆయన మాటలో తప్పు లేదు. వసూలు చెయ్యకూడదు. వండిపెట్టడానికి మాత్రం ఆయన దగ్గర పద్దు లేదు. మధ్యాహ్నం ఇంటికి పోయిన చిన్నపిల్లలు తిరిగి రావడం లేదు.

మీ గది తెరిచాను. పంపిన తాళంచెవితోనే. లెక్క ప్రకారం తరగతులకు గదులు చాలడం లేదని రెండో తరగతిని అందులో కూర్చోబెట్టారు. మంచం మా ఇంట్లో ఉంది.

ఇక రాయవలసింది రాస్తాను. ఇది నాలుగో కాగితం, ముందువి పొయ్యిలోకి పోయాయి.

రావద్దు.

ఆ పడుచు అధికారి పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. కాంట్రాక్టరు పైకి అప్పీలు చేస్తాడట. మీరు వచ్చి ఒక్క రాత్రి ఆ గదిలో పడుకున్నా, యజమాని తిరిగొచ్చింది చూడండి అని సాక్షుల్ని తెస్తాడట. అప్పుడు మీ కాగితమూ, నా ప్రమాణమూ, అన్నీ ఆ చాయ్‌లో కలిసిపోతాయి.

మా ఇంటికి రండి. మా అబ్బాయి యెషయాకిచ్చిన రైల్వే క్వార్టరులో ఉన్నవి రెండు గదులే. వాడు మాట్లాడడు, డోరా ఆగదు. రెండూ భరించవచ్చు. నేనున్నాను. కాని ఆ ఇంటికి మాత్రం రావద్దు. మీ ఇంటికి మిమ్మల్ని రావద్దని రాస్తున్న ఈ చెయ్యి మీకు అ ఆలు దిద్దించిన చెయ్యే. దీన్ని ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

ఎలీసబెతు


కర్నూలు
జులై 1949

టీచరమ్మకు సలాం.

మీ ఉత్తరం అందింది. ఇప్పుడు నాకు మసక మసకగ కండ్లు ఆనుత లేవు, హనీఫా చదివి ఇనిపించింది. రావద్దు అన్న కాడ ఆగింది. చదువు బిడ్డా అన్న. చదివింది. ఒక్క అక్షరం తడవడలే.

మీ చెయ్యిని ఏం జెయ్యకున్రి. గది ఇంక మస్తు మందికి దిద్దియ్యాలె.

మీ ఇంటికి రాను. కోపం కాదు. మారేడ్‌పల్లి దగ్గర్ల ఉండి ఆ ఇంటికి పోకుండ ఉండుమంటె నా కాళ్లు నా మాట ఇనయి. పొద్దుగాల లేస్తె ఆడనే తేల్త. గా కాంట్రాక్టరుకు నేనే సాక్షి అయిత. దూరముంటేనే మంచిగ. ఇచ్చినోల్లు గడప దాటాలె అన్నడు ఖాజీ సాబ్. అప్పుడు జెర దాటిన. ఇప్పుడు పూరా దాటిన. ఇగ హిబా పక్కా అయింది.

కుండ బడిల పెట్టొద్దంటె బడి బయట పెట్టున్రి. బియ్యమిచ్చేది తల్లులు, తినేది పిల్లలు, నడుమ సర్కారుకేం పని? డోరాకు కండ్లు తెరుసుకొని వండుమనున్రి.

పండుగ అయినంక హనీఫాను అల్లుడు తోల్కొస్తడు. మీ ఇంట్ల ఉంచుకున్రి, నా మంచం దానికెయ్యున్రి. ఈడ మా గల్లీల ఆడపిల్లల బడి లేదు. గా బడి సర్కారుది, అందరి పిల్లలది గద, మా పిల్లది సుత అయితది. ఎవ్వరి మనవరాలని ఎవ్వరికి చెప్పకున్రి. దానికి సుత చెప్పిన, ఆడ అందరి లెక్క ఉండాలె, నాది అనొద్దు అని. మంచిగ చదువకుంటె మొట్టికాయ వెయ్యున్రి, నా పేరు మీద ఒకటి ఎక్కువ.

జైతున్


మారేడ్‌పల్లి
ఆగస్టు 1949

బీబమ్మకు,

హనీఫా చేరింది. రాత్రి మీ మంచం మీదే పడుకుంది. పిల్లి కూడా వచ్చింది, ఎవరు చెప్పారో. డోరా చర్చి వరండాలో కుండ పెట్టి కళ్లు తెరిచే వండుతోంది. గంజి మాడటం లేదు, దువా మాడుతోందేమో తెలియదు.

ఇవాళ మొదటి రోజు. రెండో తరగతిలో చేర్చాను. అంటే మీ గది. హాజరు నేనే పిలుస్తున్నాను. ఆలస్యమైంది ఆ పిల్లకు, పలక వెతుక్కుంటూ. మీ గడప దగ్గరికి వచ్చి ఆగింది. అందరు పిల్లల్లాగే చెయ్యి చాచి, "లోపలికి రావచ్చునా టీచరమ్మా?" అని అడిగింది. అట్లా అడగాలని నేర్పింది నేనే, ఇన్నేళ్లుగా, ఈ ఇంట్లోనే. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు మీదే నా వేలు ఉంది. పిల్ల నిలబడే ఉంది. వెలుతురు వెనక నుంచి పడుతోంది. మీలాగే ఒక కాలు మీద బరువు వేసి నిలబడుతుంది.

నేను ఎవరికీ చెప్పలేదు, ఆ నిలబడడం చూసే పోల్చుకుందేమో, ముందు వరసలోంచి కాంతమణి లేచింది. "అడుగుడెందుకే, ఇది మీ నానీ అర్రనే, రా" అంది.

పక్క అడితిలో కాంట్రాక్టరు రంపాలు ఆగి ఉన్నాయి, ఏ మాటైనా అటు వినబడుతుంది. బైబిలు మీద చెయ్యి పెట్టి నేను మూడుసార్లు లేదన్న మాటను ఆ పిల్ల ఒక్కసారి ఉందంది. మందలించాలి. మందలించలేదు. హనీఫా నా మొహం చూసింది, మీరు చెప్పి పంపిన మాట గుర్తుకొచ్చింది కాబోలు, నాది అనలేదు. వచ్చి కిటికీ పక్కన కూర్చుంది.

ఎక్కాలు మొదలుపెట్టించాను. గట్టిగా చదవండి అన్నాను. ఇంకా గట్టిగా అన్నాను. "ఎందుకు టీచరమ్మా, గొంతులు పోతయి" అని నవ్వారు.

కర్నూలు దూరం అన్నాను.

ఎలీసబెతు